ప్రయాణంలో మంచినీళ్లు మానకండి
(మహిళా ఉపాధ్యాయుల సమావేశంలో ఒక స్త్రీ వైద్య నిపుణురాలు చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న ఉపాధ్యాయినులకు నమస్కారం.

వేసవి సెలవులు దగ్గరపడుతున్నాయి కనుక మీలో చాలామంది ప్రయాణాల ఏర్పాట్లలో ఉంటారనీ, ఆ ప్రయాణాల్లో స్త్రీలు పాటించవలసిన శుభ్రత గురించి నాలుగు మాటలు చెప్పమనీ నిర్వాహకులు అడిగారు. ఇలాంటి విషయం మీద మాట్లాడేవాళ్లు సాధారణంగా సంచిలో ఏమేం సర్దుకోవాలో చెప్పి ముగిస్తారు. సంచి సంగతి నేనూ చెబుతాను గానీ, అంతకంటే ముందు చెప్పవలసింది ఒకటుంది. యాత్రల నుంచి తిరిగివచ్చి, మూత్రంలో మంట అనో, దురద అనో మా దగ్గరకు వచ్చే స్త్రీలు ముందుగా అనుమానించేది రైల్లోనో బస్‌స్టాండులోనో వాడిన మరుగుదొడ్డిని. వాళ్లంతట వాళ్లు చెప్పనిది, మేము గుచ్చి అడిగితే గానీ బయటపడనిది ఏమిటంటే, ఆ మరుగుదొడ్డికి వెళ్లవలసివస్తుందన్న భయంతో బయలుదేరే పూట నుంచే మంచినీళ్లు మానేశారని. ఈ రెండింటిలో ఎక్కువ చెరుపు చేసేది రెండోదే. భయపడనక్కరలేని వాటికి ఎక్కువగా భయపడి, జాగ్రత్తపడవలసిన చోట ఊరుకుంటున్నామన్నదే ఈ రోజు నేను మీ ముందు పెట్టదలచుకున్న మాట.

దీనికి కారణం మన శరీర నిర్మాణంలోనే ఉంది. మూత్రాశయం నుంచి బయటకు వచ్చే మార్గం పురుషులలో సుమారు 20 సెంటీమీటర్ల పొడవుంటే, స్త్రీలలో అది 4 సెంటీమీటర్లకు మించదు. పైగా దాని ద్వారం మలద్వారానికి దగ్గరగా ఉంటుంది. మామూలు మూత్ర ఇన్ఫెక్షన్లలో నాలుగింట మూడు వంతులకు పైగా కారణమయ్యే ఇ. కోలై (E. coli) అనే సూక్ష్మజీవి బయటి నుంచి వచ్చేది కాదు, మన పేగుల్లోనే కాపురముండేది. అది చర్మం మీదుగా పాకి, ఆ చిన్న మార్గం గుండా పైకి చేరుతుంది. దాన్ని అడ్డుకోవడానికి శరీరం ఎంచుకున్న పద్ధతుల్లో ముఖ్యమైనది, గంటల తేడాతో వచ్చే మూత్రపు ధారతో దాన్ని బయటకు తోసివేయడం. నీళ్లు తాగక, వచ్చినదాన్ని ఆపుకొని కూర్చుంటే ఆ ధార ఆగిపోతుంది. మూత్రాశయంలో నిలవ ఉన్న మూత్రంలో సూక్ష్మజీవులకు పెరగడానికి కావలసినంత వ్యవధి దొరుకుతుంది. సికింద్రాబాద్ నుంచి కాశీకి రైల్లో ఒక పగలూ ఒక రాత్రీ మించిన ప్రయాణం. మండు వేసవిలో, స్లీపర్ బోగీలో, అన్ని గంటలూ గుక్కెడు నీళ్లతో గడిపిన మనిషి కాశీలో దిగేసరికి మంట మొదలైతే, ఆ తప్పు బోగీ చివరనున్న మరుగుదొడ్డిది అనుకోవడం సులువే గానీ నిజం కాదు.

యాత్రలదాకా ఎందుకు, మీ ఉద్యోగమే రోజువారీ ప్రయాణం. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కిందా, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కిందా ఆర్టీసీ బస్సుల్లో స్త్రీలకు ఉచిత ప్రయాణం వచ్చింది. అది మంచి మార్పే. కానీ బస్సు ఎక్కడం సులువైనంత మాత్రాన బస్సు దిగిన చోట నీళ్లు, తలుపు, గడియ ఉన్న మరుగుదొడ్డి వచ్చేయదు కదా. పొద్దున ఏడింటికి ఇల్లు వదిలి, రెండు బస్సులు మారి, బడిలో ఉన్న ఒక్క మరుగుదొడ్డీ పిల్లలకే చాలడం లేదని సాయంత్రం ఇంటికి చేరేదాకా బిగబట్టుకొనే పంతులమ్మలు ఈ హాల్లో ఎంతమంది ఉన్నారో నేను చేతులెత్తమని అడగను. ఎవరికివారికి తెలుసు. ఏడాదికి రెండు మూడుసార్లు మూత్రంలో మంట వచ్చి, మందులు వాడి, తగ్గాక మరిచిపోతున్నారంటే ముందుగా సరిచేసుకోవలసింది ఈ అలవాటునే. బడికి సరైన మరుగుదొడ్డి కావాలని అడగడం కూడా ఈ వైద్యంలో భాగమేనని నేను భావిస్తాను.

ఎంత తాగాలి అని అడుగుతారు. లీటర్ల లెక్క అందరికీ ఒకటి కాదు. ఎండనుబట్టీ, చెమటనుబట్టీ, మనిషినిబట్టీ మారుతుంది. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే సరిపడా తాగుతున్నట్టు, ముదురు రంగుకు తిరిగిందంటే చాలడం లేదన్నట్టు. ఒక్కసారిగా అర లీటరు తాగితే వెంటనే వెళ్లవలసివస్తుంది కనుక, అరగంటకో గంటకో కొన్ని గుక్కల చొప్పున తాగుతూ ఉండటం ప్రయాణానికి అనువైన పద్ధతి. అనిపించినా అనిపించకపోయినా మూడు గంటలకొకసారి వెళ్లిరావడం అలవాటు చేసుకోవాలి; కారులో వెళుతున్నప్పుడు భోజనానికి ఎక్కడ ఆగాలో ముందే అనుకుంటాం గానీ దీనికి ఎక్కడ ఆగాలో అనుకోము. జాతీయ రహదారుల మీద పెట్రోలు బంకులలో మరుగుదొడ్డి ఉండాలన్నది చమురు సంస్థల నిబంధన, కాబట్టి పెట్రోలు పోయించుకున్నా పోయించుకోకపోయినా అడగడానికి మొహమాటం అక్కరలేదు. కారు తోలేది భర్త అయినా, కొడుకు అయినా, అద్దె కారు డ్రైవరయినా, ఆపమని చెప్పడానికి సిగ్గుపడకండి. మగవాళ్లు చెట్టు కనిపిస్తే చాలు, మనను అడగకుండానే ఆపేస్తారు.

ఇక మరుగుదొడ్డి సీటు సంగతి. సీటును తాకేది తొడల చర్మం; ఆరోగ్యంగా ఉన్న చర్మం గుండా సూక్ష్మజీవులు లోపలికి పోలేవు. సుఖవ్యాధులు సీటు మీద కూర్చోవడం వల్ల వస్తాయన్న భయానికి ఆధారం లేదు, ఎందుకంటే వాటికి కారణమయ్యే క్రిములు శరీరం బయట, పొడి ఉపరితలం మీద ఎక్కువసేపు బతకవు. అయినా చూడటానికే రోత పుట్టించే సీటు మీద కూర్చోమని నేనెలా చెప్పగలను? తుడిచి, పైన టిష్యూ కాగితం పరిచి కూర్చోండి, లేదా రైలు బోగీలో ఇండియన్ పద్ధతి దొడ్డి ఉంటే, మోకాళ్లు సహకరిస్తే దానికే వెళ్లండి. చేయకూడనిది ఏమిటంటే, సీటుకు తగలకుండా గాలిలో సగం వంగి నిలబడి కానిచ్చుకోవడం. ఆ భంగిమలో కటి కండరాలు బిగుసుకొనే ఉంటాయి, మూత్రం ధార సన్నబడుతుంది, మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాక అడుగున కొంత మిగిలిపోతుంది. శుభ్రత కోసం పడిన అవస్థే ఇన్ఫెక్షనుకు దారి తీస్తుంది.

నిజానికి అక్కడ జాగ్రత్త పడవలసినవి తలుపు గడియ, కుళాయి, గొలుసుతో కట్టేసిన స్టీలు మగ్గు, వాటిని ముట్టుకున్న మన చేతులు. వెళ్లేటప్పుడు ఒక అర లీటరు సీసాలో మంచినీళ్లు తీసుకువెళ్లి వాటితో కడుక్కోవడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా తేలికైన ఉపాయం. కడుక్కోవడమైనా తుడుచుకోవడమైనా ముందు నుంచి వెనక్కే జరగాలి, వెనక నుంచి ముందుకు ఎన్నడూ రాకూడదు. తర్వాత మెత్తని నూలు గుడ్డతోనో టిష్యూతోనో తడి అద్దుకోవాలి. మనవాళ్లు కడుక్కోవడంలో చూపించే శ్రద్ధ ఆరబెట్టుకోవడంలో చూపించరు. బయటకు వచ్చాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. రైల్లో సబ్బు ఉంటుందన్న భరోసా లేదు గనుక కాగితం సబ్బులు గానీ, చిన్న సబ్బు ముక్క గానీ వెంట ఉంచుకోండి. శానిటైజరు చేతుల వరకే. దానితో కిందిభాగం తుడుచుకొని మండిపోతోందని వచ్చినవాళ్లు ఉన్నారు కాబట్టి ఈ మాట విడిగా చెబుతున్నాను.

శుభ్రత పేరుతో జరిగే చెరుపు ఇంకొకటుంది. యోనిలో లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే సూక్ష్మజీవులు ఉంటాయి. అవి తయారుచేసే లాక్టిక్ ఆమ్లం వల్ల అక్కడి పీహెచ్ (ఆమ్లమో క్షారమో చెప్పే కొలత; 7కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 3.8 నుంచి 4.5 మధ్య ఉండి, చెడు చేసే క్రిములను పెరగనివ్వదు. మామూలు స్నానపు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది. పరాయి ఊళ్లో, పరాయి గదిలో ఉన్నామన్న భయంతో రోజుకు నాలుగుసార్లు సబ్బుతో రుద్దినా, నీళ్లలో యాంటీసెప్టిక్ ద్రావణం కలిపి లోపలిదాకా కడిగినా, పోయేది ముందుగా ఆ కాపలా. లోపలి భాగాన్ని శరీరమే శుభ్రం చేసుకుంటుంది. బయటి భాగానికి రోజుకు ఒకటి రెండుసార్లు మంచినీళ్లు చాలు, కావాలంటే బయటి చర్మానికి మాత్రం గాఢత లేని సబ్బు వాడవచ్చు. ప్రత్యేకంగా ఈ భాగానికేనంటూ అమ్మే ద్రవాలకూ, సువాసన అద్దిన తుడుపు కాగితాలకూ పెట్టే డబ్బుతో రెండు జతల నూలు లోదుస్తులు కొనుక్కుంటే ఎక్కువ ప్రయోజనం ఉంటుందని నా అభిప్రాయం. సువాసనల వల్ల కొందరికి దద్దుర్లు వస్తాయి కూడా.

తడి సంగతి మన పుణ్యక్షేత్రాల దగ్గర ఎక్కువగా చెప్పవలసివస్తుంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. నదిలో మునిగి, తడి చీరతోనే పూజ చేసి, తడి లోదుస్తుల మీదే పొడి చీర కట్టుకొని మళ్లీ బస్సెక్కి నాలుగు గంటలు కూర్చోవడం మనకు మామూలు. ఒళ్లు ఆరినా ఆ భాగం ఆరదు. వేడీ తడీ కలిసిన చోట క్యాండిడా అనే శిలీంధ్రం బలపడుతుంది. తీవ్రమైన దురద, ఎరుపు, విరిగిన పాలలాంటి తెల్లబట్ట దాని గుర్తులు. గట్టు మీద బట్టలు మార్చుకొనే గదులు కనిపిస్తే వరస పెద్దదని వదిలేయకండి, లోదుస్తులతో సహా మార్చుకోండి. బిగుతు లెగ్గింగులకన్నా వదులైన నూలు సల్వారు గానీ, చీర గానీ దూర ప్రయాణానికి మేలు.

నెలసరి రోజుల్లో ప్రయాణం తప్పనిసరి అయితే, స్రావం తక్కువగా ఉన్నా సరే ప్యాడును నాలుగు నుంచి ఆరు గంటలకొకసారి మార్చాలి. "ఇంకా నిండలేదు కదా" అని పగలంతా ఒకటే ఉంచుకుంటే చెమటతో తొడలు ఒరుసుకుపోతాయి, వాసన వస్తుంది. జనౌషధి కేంద్రాల్లో 2019 నుంచి సువిధ ప్యాడు ఒక్కొక్కటి 1 రూపాయికే ఇస్తున్నారు కాబట్టి పొదుపు కోసం కూడా ఆపవలసిన పని లేదు. గుడ్డ వాడేవాళ్లకు నేను వద్దని చెప్పను, కానీ గుడ్డను ఉతికి నేరుగా ఎండలో ఆరబెట్టాలి. లాడ్జి గదిలో తలుపు వెనకాల, మరో బట్ట కింద దాచి ఆరబెట్టిన గుడ్డ ఆరదు. అందుకని ఇంట్లో గుడ్డ వాడేవాళ్లు సైతం ప్రయాణం వరకు ప్యాడ్లకు మారడం మంచిది. లోపల పెట్టుకొని స్రావాన్ని పట్టే మెన్‌స్ట్రువల్ కప్పును 12 గంటల దాకా ఉంచుకోవచ్చు, పారవేయవలసింది ఏమీ ఉండదు కనుక యాత్రలకు ఎంతో అనువైనది. అయితే దాన్ని మొదటిసారి పెట్టుకోవడం రైలు కుదుపుల మధ్య నేర్చుకొనే పని కాదు, ముందు రెండు మూడు నెలలు ఇంట్లో అలవాటు చేసుకోండి. చేతులు కడుక్కోకుండా దాన్ని ముట్టుకోవద్దు. కడగడానికి కుళాయి నీళ్లు నమ్మకంగా లేకపోతే తాగే నీళ్లు వాడండి. టాంపూన్, అంటే లోపల పెట్టుకొనే దూదిచుట్ట, వాడేవాళ్లు దాన్ని ఎనిమిది గంటలకు మించి ఎట్టి పరిస్థితిలోనూ ఉంచుకోకూడదు. 1980లో అమెరికాలో, ఎక్కువ స్రావాన్ని పీల్చుకొనే టాంపూన్లు వాడిన స్త్రీలలో టాక్సిక్ షాక్ సిండ్రోమ్ అనే ప్రాణాంతక జబ్బు కనిపించి, ఒక రకం టాంపూన్లను బజారు నుంచి ఉపసంహరించుకోవలసివచ్చింది. ఆ జబ్బు చాలా అరుదు, అయినా టాంపూన్ లోపల ఉండగా హఠాత్తుగా తీవ్ర జ్వరం, ఒంటిమీద ఎర్రని దద్దు, కళ్లు తిరగడం వస్తే వెంటనే దాన్ని తీసివేసి ఆసుపత్రికి వెళ్లాలి.

వాడిన ప్యాడును ఎక్కడ వేస్తున్నామన్నది కూడా శుభ్రతలో భాగమే. ఇప్పుడు మన రైలు బోగీలలో ఉన్నవి రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓతో కలిసి రైల్వే రూపొందించిన బయో టాయిలెట్లు. బోగీ కింది ట్యాంకులో సూక్ష్మజీవులు మలాన్ని నీరుగా, వాయువుగా మార్చివేస్తాయి. ఆ సూక్ష్మజీవులు ప్యాడులోని ప్లాస్టిక్కును ఏమీ చేయలేవు. ఒక్క ప్యాడు అడ్డం పడితే చాలు, ఆ దొడ్డి పొంగి, ప్రయాణం ముగిసేదాకా బోగీలో ఉన్న ఆడవాళ్లందరూ మళ్లీ బిగబట్టుకోవలసివస్తుంది. పాత పత్రిక కాగితాలు నాలుగు మడిచి సంచిలో పెట్టుకొని, వాడినదాన్ని చుట్టి, చెత్త డబ్బాలోనే వేయండి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నిబంధనలు కూడా చుట్టే పడేయమన్నాయి.

నెలసరి వాయిదా మాత్రల గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే తిరుపతి ప్రయాణం అనగానే మన ఇళ్లలో ముందుగా గుర్తొచ్చేవి అవే. ఆ రోజుల్లో గుడికి వెళ్లాలా వద్దా అన్నది మీరూ మీ ఇంటివాళ్లూ తేల్చుకోవలసిన విషయం, అందులో నేను తలదూర్చను. మాత్ర వేసుకోవాలా వద్దా అన్నది మాత్రం వైద్యానికి సంబంధించినదే. సాధారణంగా వాడేది నోరెథిస్టెరోన్ అనే హార్మోను మందు. 5 మిల్లీగ్రాముల మాత్రను రోజుకు మూడుసార్లు చొప్పున, నెలసరి రావలసిన తేదీకి మూడు రోజుల ముందుగా మొదలుపెట్టమని చెబుతాం. ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. మరక కనిపించాక పరుగెత్తి మెడికల్ షాపులో తెచ్చుకొని వేసుకుంటే అది ఆగకపోవచ్చు, నమ్మకం పెట్టుకోవద్దు. ఈ మందులో కొంత భాగం శరీరంలో ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోనుగా మారుతుంది, కాబట్టి గతంలో కాలి సిరల్లోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లు, కాలేయ వ్యాధి ఉన్నవాళ్లు, రొమ్ము క్యాన్సరుకు చికిత్స పొందినవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే తలనొప్పి ఉన్నవాళ్లు వాడకూడదు. గంటల తరబడి కదలకుండా కూర్చొనే ప్రయాణం కూడా రక్తం గడ్డకట్టే అవకాశాన్ని పెంచేదే కనుక, రెండూ కలిసినప్పుడు జాగ్రత్త రెట్టింపు కావాలి. గర్భం నిలిచిందేమో అన్న అనుమానం ఏ కొంచెమున్నా పరీక్ష చేసుకోకుండా మొదలుపెట్టవద్దు. వదినగారికి రాసిన చీటీ చూపించి మీరు తెచ్చుకోవడం, ఈ నెల పెళ్లికి, వచ్చే నెల గృహప్రవేశానికి, ఆపై నెల యాత్రకు అంటూ వరసగా వాయిదా వేయడం నేను అసలు ఒప్పుకోను. నెలకు ముందే డాక్టరును కలిస్తే మీ తేదీలు చూసి ఏది తగునో చెబుతారు. ప్రయాణపు బడలికకూ, నిద్ర చెడటానికీ తేదీ నాలుగైదు రోజులు అటూఇటూ కావడం సహజం, కాబట్టి "ఇంకా పదిరోజులుంది" అనుకున్నవాళ్లు కూడా ప్యాడ్లు వెంట ఉంచుకోవాలి.

మధుమేహం ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. చక్కెర అదుపులో లేనప్పుడు శిలీంధ్రపు దురద తేలికగా వస్తుంది, ప్రయాణాల్లో తిండి వేళలు తప్పి చక్కెర పెరుగుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు చక్కెరను మూత్రం ద్వారా బయటకు పంపుతాయి, కనుక అవి వాడేవారిలో ఈ దురద మరింత ఎక్కువ. మాత్రల చీటీ తీసి చూసుకోండి. ఆ పేర్లుంటే మందు మీ అంతట మీరు మానవద్దు, నీళ్లూ శుభ్రతా పొడిగా ఉండటం విషయంలో మిగతావారికన్నా ఒక మెట్టు ఎక్కువ శ్రద్ధ తీసుకోండి. గర్భిణులకు మూత్ర ఇన్ఫెక్షను కిడ్నీలదాకా పాకే ప్రమాదమూ, నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదమూ ఉన్నాయి, వాళ్లు మూత్రాన్ని గంటల తరబడి ఆపుకోనే కూడదు.

పిల్లల పురుళ్లకు అమెరికా వెళ్లే తల్లుల గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం పూర్తికాదు. నెలసరి ఆగిపోయాక ఈస్ట్రోజెన్ తగ్గి ఆ భాగం పొడిబారుతుంది, లాక్టోబాసిల్లస్ తగ్గుతుంది, ఇన్ఫెక్షన్లు పెరుగుతాయి. అలాంటి వయసులో ఉన్న తల్లి, విమానంలో పక్కసీటులో ఉన్న పరాయి మనిషిని పదేపదే లేపడం ఇష్టంలేక హైదరాబాదు నుంచి అక్కడికి చేరేదాకా నోట్లో నీళ్లు పోసుకోదు. విమానంలో గాలి ఎడారిగాలి అంత పొడిగా ఉంటుంది. ఆమెకు టికెట్టు తీసే కొడుకో కూతురో నడవ పక్క సీటు తీసుకుంటే సగం చిక్కు తీరుతుంది. అంతర్జాతీయ విమానాల్లో భద్రతా తనిఖీ దగ్గర 100 మిల్లీలీటర్లకు మించిన ద్రవాలను అనుమతించరు కాబట్టి ఖాళీ సీసా తీసుకువెళ్లి లోపల నింపుకోవాలి. అమెరికా దొడ్లలో సాధారణంగా కాగితమే తప్ప కడుక్కోవడానికి నీళ్లుండవు. కడుక్కోకపోతే మనసొప్పనివారికి అదే సీసా అక్కరకొస్తుంది, ముందు కడుక్కొని తర్వాత కాగితంతో అద్దుకోవచ్చు. గంటకోసారి లేచి నడవడం కాళ్లకు కూడా మంచిదే.

ఇంత జాగ్రత్తపడ్డా జబ్బు రావచ్చు. మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాలనిపించడం, పొత్తికడుపులో నొప్పి మొదలైతే నీళ్లు పెంచండి, దగ్గరలోని ఆసుపత్రిలో మూత్ర పరీక్ష చేయించుకోండి. పోయినసారి మిగిలిన యాంటీబయాటిక్ మాత్రలు రెండు వేసుకొని మంట తగ్గగానే ఆపేయడం వల్ల, ఆ మందుకు లొంగని క్రిములు మిగులుతాయి. మంటకని ఇచ్చే సిరప్ బాధను తగ్గిస్తుందే గానీ క్రిములను చంపదు. చేపల వాసనతో బూడిదరంగు స్రావం కనిపిస్తే అది వేరే ఇన్ఫెక్షను, దానికి మందు వేరు, క్యాండిడా మందు దానికి పనిచేయదు. చలితో జ్వరం, నడుముకు పైన ఒక పక్క నొప్పి, వాంతులు వస్తే ఇన్ఫెక్షను కిడ్నీకి చేరిందని అనుమానించాలి, ఊరు చేరాక చూద్దామని ఆగకూడదు. రైల్లో ఉంటే టీటీఈకి చెప్పినా, 139కి ఫోను చేసినా ముందు వచ్చే పెద్ద స్టేషనులో డాక్టరు వచ్చి చూసే ఏర్పాటు చేస్తారు. దొడ్డి శుభ్రంగా లేకపోయినా అదే నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

ఇక మీరు అడగండి. పైకి అడగడానికి ఇబ్బందిగా ఉన్నవాళ్లు చీటీ మీద రాసి పంపినా చదివి జవాబు చెబుతాను, పేరు రాయనక్కరలేదు.